‘వద్దు’ అంటే వినని మనుషుల కథలు: అబ్సెషన్ థ్రిల్లర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో కొన్ని సినిమాల ముగింపులు బయటపడతాయి. ‘వాలి’, ‘అనసూయ’, ‘ఫేటల్ అట్రాక్షన్’ ఇంకా చూడనివాళ్ళు ముందు అవి చూసి వస్తే మంచిది.

అబ్సెషన్ థ్రిల్లర్ అంటే ఏమిటి? సైకో సినిమాకీ దీనికీ తేడా ఉందా?

ఉంది. సీరియల్ కిల్లర్ సినిమాలో హంతకుడికి చాలాసార్లు ఎవరు దొరికినా ఒకటే. ఇక్కడ అలా కాదు. ఒక మనిషికి ఇంకొక్క మనిషే కావాలి. ఆ ఒక్కరు ‘వద్దు’ అంటారు. ఆ మాట అవతలివాళ్ళ చెవికి ఎక్కదు. కథంతా అక్కడి నుంచే నడుస్తుంది.

అందుకే ఈ సినిమాల్లో విలన్ ఎవరో మొదటి అరగంటలోనే తెలిసిపోయినా టెన్షన్ తగ్గదు. ‘ఎవరు చేశారు’ అని కాదు, ‘ఈ మనిషి ఇంకా ఎంతదాకా వస్తాడు’ అని మనం భయపడుతూ ఉంటాం. గేటు దాకా వచ్చాడు, ఫోన్ దాకా వచ్చాడు, ఇప్పుడు వంటింట్లో నిలబడ్డాడు. మన దగ్గర వీటన్నిటినీ కలిపి ‘సైకో సినిమాలు’ అనేస్తాం. నాకు ఆ మాట నచ్చదు. ఆ మాట అనగానే వీడెవడో వేరే జాతి మనిషి, మన చుట్టుపక్కల ఉండడు అనిపిస్తుంది. ఈ కథలు చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇవన్నీ హాలీవుడ్ నుంచి తెచ్చుకున్న కథలేనా?

కాదు. మనకి ఇంతకంటే పాత కథ ఒకటి ఉంది, కీచకుడిది. విరాటపర్వాన్ని ఒకసారి థ్రిల్లర్‌లా చదివి చూడండి. ద్రౌపది సైరంధ్రి పేరుతో రాణి సుధేష్ణ దగ్గర పనిచేస్తూ ఉంటుంది. రాణిగారి తమ్ముడు, సేనాపతి కీచకుడి కన్ను ఆమె మీద పడుతుంది. ఆమె వద్దంటుంది. తనకి ఐదుగురు గంధర్వులు భర్తలనీ, వాళ్ళ చేతిలో చస్తావనీ హెచ్చరిస్తుంది. అతను వెళ్ళి అక్కని బతిమాలుకుంటాడు. ఆ అక్క ఏం చేస్తుంది? విషయం అంతా తెలిసే, మద్యం తెమ్మన్న వంకతో సైరంధ్రిని అతని ఇంటికే పంపిస్తుంది.

అక్కడి నుంచి తప్పించుకుని సైరంధ్రి సభలోకి పరుగెత్తుకొస్తుంది. అందరూ చూస్తుండగానే కీచకుడు ఆమెని తంతాడు. బావమరిది బలం మీద బతుకుతున్న విరాటరాజు నోరు మెదపడు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు అజ్ఞాతవాసం బయటపడుతుందని తమాయించుకుంటాడు. చివరికి రాత్రివేళ ఆమె వంటశాలకి వెళ్ళి, వలలుడిగా ఉన్న భీముణ్ణి లేపాల్సి వస్తుంది.

ఇందులో నన్ను భయపెట్టేది కీచకుడు కాదు, ఆ సభ. తిక్కన ఆ ఘట్టాన్ని ఎంత కోపంతో రాశాడో తెలుగు చదివినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1963లో వచ్చిన ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావు ఆ పాత్ర చేశారు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఏషియన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి కూడా అందుకున్నారు. ఆయన నడకలో, నవ్వులో ఉన్న ధీమాని గమనించండి. తనని ఎవరూ ఆపరని తెలిసిన మనిషి ధీమా అది. తర్వాత వచ్చిన అబ్సెషన్ విలన్లందరిలోనూ నాకు ఆ ఛాయ కనిపిస్తుంది.

కొత్తగా చూసేవాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

‘స్లీపింగ్ విత్ ది ఎనిమీ’ (1991)తో. జూలియా రాబర్ట్స్ నటించింది. ఇక్కడ వెంటపడేవాడు బయటివాడు కాదు, సొంత భర్తే. బాత్రూంలో టవళ్ళు ఒకే వరసలో వేలాడాలి, అలమరలో డబ్బాలు సిపాయిల్లా నిలబడాలి. అంచు కొంచెం అటూ ఇటూ అయినా ఆమెకి ముప్పే. సముద్రంలో మునిగి చనిపోయినట్టు నమ్మించి ఆమె పారిపోతుంది, వేరే ఊళ్ళో వేరే పేరుతో బతకడం మొదలుపెడుతుంది. ఒకరోజు అలమర తెరిస్తే డబ్బాలు మళ్ళీ వరసగా ఉంటాయి. రక్తం లేదు, కత్తి లేదు, డబ్బాలు సర్ది ఉన్నాయి అంతే. ఈ తరహా సినిమా ఎలా పనిచేస్తుందో ఆ ఒక్క షాట్‌లో అర్థమవుతుంది. కథ నచ్చి హిందీవాళ్ళు 1990లలో దీని ఆధారంగా ఒకటి కాదు, మూడు సినిమాలు తీశారు. వాటిలో ‘అగ్నిసాక్షి’ (1996)కి నానా పాటేకర్ జాతీయ అవార్డు తీసుకున్నారు.

‘ఫేటల్ అట్రాక్షన్’ క్లైమాక్స్ మార్చారంటారు, నిజమేనా?

నిజమే. 1987లో ఏడ్రియన్ లైన్ తీసిన ఈ సినిమాలో పెళ్ళయిన లాయరు (మైకేల్ డగ్లస్) ఒక వారాంతం అలెక్స్ అనే స్త్రీ (గ్లెన్ క్లోజ్)తో గడిపి, ఏమీ జరగనట్టు ఇంటికి వెళ్ళిపోవాలనుకుంటాడు. ఆమె వదలదు. మొదట తీసిన ముగింపులో అలెక్స్ ఆత్మహత్య చేసుకుంటుంది. కత్తి మీద అతని వేలిముద్రలు ఉండటంతో పోలీసులు అతణ్ణి పట్టుకెళ్తారు. విడుదలకి ముందు కొందరు ప్రేక్షకులకి వేసి చూపిస్తే వాళ్ళు తృప్తిపడలేదు. దాంతో మళ్ళీ షూటింగ్ చేసి, అలెక్స్ కత్తితో ఇంట్లోకి రావడం, చివరికి అతని భార్య ఆమెని కాల్చి చంపడం పెట్టారు. ఈ మార్పుకి గ్లెన్ క్లోజ్ మొదట ఒప్పుకోలేదు. తన పాత్రకి కావలసింది సాయమనీ, దాన్ని రాక్షసిని చేశారనీ ఆమె బాధ.

సినిమా పెద్ద హిట్టయింది, 6 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అయినా నేను గ్లెన్ క్లోజ్ పక్షమే. మొదటి ముగింపులో భర్త చేసిన తప్పుకి అతనే మూల్యం చెల్లిస్తాడు. రెండోదాంట్లో ఒక ఆడదాని చేత ఇంకో ఆడదాన్ని చంపించి, అతనికి ఇల్లూ సంసారమూ తిరిగి అప్పజెప్పారు.

‘డర్’లో విలన్‌కి జనం చప్పట్లు ఎందుకు కొట్టారు?

ఈ ప్రశ్నకి నా దగ్గర కొంచెం పొడుగు జవాబే ఉంది.

యశ్ చోప్రా ‘డర్’ 1993 చివర్లో వచ్చింది. కాలేజీలో ఒక్కసారి కూడా మాట్లాడే ధైర్యం చేయని రాహుల్ (షారుఖ్ ఖాన్), ఆ తర్వాత కిరణ్ (జూహీ చావ్లా) వెంటపడతాడు. ఫోన్లు చేస్తాడు, గోడల మీద ఆమె పేరు రాస్తాడు, ఆమెకి కాబోయే భర్తని చంపాలని చూస్తాడు. పేరుకి హీరో నేవీ ఆఫీసరుగా చేసిన సన్నీ డియోల్. కానీ జనం ఇంటికి తీసుకెళ్ళింది రాహుల్‌ని, తడబడుతూ అతను పలికే కిరణ్ పేరుని.

ఎందుకంటే కెమెరా అతని పక్కనే కూర్చుంది. చనిపోయిన తల్లితో ఫోన్లో మాట్లాడుకునే ఒంటరి కొడుకుగా అతణ్ణి దగ్గర నుంచి చూపించారు. గుర్తుండిపోయే పాట అతనికే ఇచ్చారు. కిరణ్ భయాన్ని మాత్రం బయట నుంచి చూపించారు. ఆమె అరుస్తుంది, ఏడుస్తుంది, పరుగెడుతుంది. రాత్రి పడుకుని కళ్ళు తెరిచి ఏం ఆలోచిస్తుందో మనకి తెలియదు. ఎవరి లోపలికి మనల్ని పంపిస్తే వాళ్ళ మీదే జాలి పుడుతుంది. షారుఖ్ నటన గొప్పది కాబట్టి ఆ జాలి ఇంకా పెరిగింది.

మేము ఇంటర్ చదివేటప్పుడు ఈ సినిమా వీడియో క్యాసెట్ మీద చూశాం. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు మా క్లాసు కుర్రాడొకడు ఒకమ్మాయి ఇంటి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసి, అచ్చం అలాగే ఆమె పేరు పలికి పెట్టేసేవాడు. మేమంతా చుట్టూ నిలబడి నవ్వాం. ఆ అమ్మాయి సెకండియర్‌కి రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఒక్కరం కూడా అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ‘డర్’ పేరు వింటే నాకు ముందు గుర్తొచ్చేది షారుఖ్ కాదు, మూడో బెంచీలో ఆ ఖాళీ చోటు.

మన ప్రేమకథల్లో హీరో కూడా వెంటపడతాడు కదా? ఆయనకీ ఈ విలన్లకీ తేడా ఏమిటి?

చాలాసార్లు తేడా వెనక వాయించే సంగీతంలోనే ఉంటుంది. బస్టాపులో కాపు కాయడం, ఇంటి అడ్రసు సంపాదించడం, ఆమె స్నేహితురాళ్ళని ఆరా తీయడం, వద్దన్నా మళ్ళీ రావడం. రెండు చోట్లా చేసే పనులివే. వెనకాల వేణువు పెడితే ప్రేమకథ, వయొలిన్లు పెడితే థ్రిల్లర్. ప్రేమకథలో ఇంటర్వెల్ తర్వాత ఆమె మనసు మారుతుంది. థ్రిల్లర్‌లో మారదు. మరి మారుతుందో లేదో అతనికి ముందే ఎలా తెలుసు? తెలియదు. అంటే మొదటి సగంలో ఇద్దరూ ఒకే మనిషి.

ఇది మనకి సినిమా చర్చతో పోయే విషయం కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన పేపర్లు ‘ప్రేమోన్మాది ఘాతుకం’ అని హెడ్డింగ్ పెడతాయి. ఆ మాటలో ‘ప్రేమ’ ఎందుకుండాలి? ఉన్మాది అంటే చాలదా? ప్రేమ అన్న మాట తగిలించగానే చేసినవాడికి ఒక కారణం దొరుకుతుంది. ‘పాపం, ప్రేమించాడు’ అనే మాటకి దారి తెరుచుకుంటుంది. మంచి అబ్సెషన్ థ్రిల్లర్ చేసే మేలల్లా ఆ కారణాన్ని ఊడబెరకడమే.

తెలుగులో, తెలుగులోకి వచ్చినవాటిలో చూడదగ్గవి చెప్పండి.

నా మొదటి ఓటు ‘వాలి’కి. 1999లో ఎస్.జె. సూర్య తీసిన మొదటి తమిళ సినిమా ఇది, తెలుగులోకి డబ్ అయింది. అజిత్‌ది కవలల పాత్ర. అన్న మూగ, చెవిటి. తమ్ముడి భార్య (సిమ్రన్) మీద అతనికి మోజు. తమ్ముడికి అన్నంటే దేవుడు. భార్య ఎంత చెప్పినా నమ్మడు సరికదా, ఆమెనే తప్పుపడతాడు. అన్న ఆమెని ముట్టుకోబోయే సన్నివేశాల కంటే, భర్త ‘నీకేమైనా పిచ్చా’ అన్నట్టు చూసే సన్నివేశాలే నాకు ఊపిరాడనివ్వలేదు. విరాటుడి సభ ఒక అపార్ట్‌మెంట్‌లోకి వచ్చి చేరినట్టుంటుంది. అజిత్ ఒక్క మాట లేకుండా, కళ్ళతో, మెడ తిప్పడంతో అన్న పాత్రని మోశాడు.

రవిబాబు ‘అనసూయ’ (2007), తెలుగులో ఈ దారిలో నేరుగా వెళ్ళిన అరుదైన సినిమా. చనిపోయిన అమ్మాయి అవయవాలు దానంగా పొందినవాళ్ళని, ఆమెని ప్రేమించానని చెప్పుకునేవాడు ఒక్కొక్కరినీ చంపి, ఆ అవయవాలు వెనక్కి తీసుకుంటూ ఉంటాడు. ‘ఆమె నాది’ అన్న మాటని ఇంత అక్షరాలా తీసుకున్న కథ ఇంకోటి నాకు తెలియదు. ఆమె బతికి ఉండగా ఏమనుకుందో అతనికి అక్కర్లేదు, చనిపోయాక కూడా ఆమె శరీరం అతనికి ఆస్తే. భూమిక కూడా నిబ్బరంగా చేసింది. అదే దర్శకుడి ‘అవును’ (2012)లో కొత్త ఇంట్లో ఒంటరిగా ఉన్న పూర్ణని కనిపించని ఒక కన్ను చూస్తూ ఉంటుంది. దెయ్యం కథే అయినా, అసలు భయం ఆ చూపుదే.

‘అరుంధతి’ (2009)ని ఎవరూ ఈ జాబితాలో వేయరు. నేను వేస్తాను. గద్వాల సంస్థానం, మంత్రాలు, పునర్జన్మ పక్కన పెడితే పశుపతి కథ ఏమిటి? కాదన్న స్త్రీని చచ్చినా వదలనివాడి కథ. ‘వదల బొమ్మాళీ’ అన్న మాట ఇంటింటా ఆటపట్టించే మాటైపోయింది. థియేటర్లో మొదటిసారి విన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

భారతీరాజా ‘ఎర్ర గులాబీలు’ కూడా చూడండి. 1978 నాటి తమిళ ‘సిగప్పు రోజాక్కళ్’ ఇది. కమల్, శ్రీదేవి. పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఇల్లు, తోట నిండా గులాబీలు, ఆ మొక్కల కింద ఏముందో. ఇక్కడి ద్వేషం ఒక్కరి మీద కాదు, ఆడవాళ్ళందరి మీదా. కాబట్టి నేను మొదట చెప్పిన లెక్కలోకి పూర్తిగా రాదు, కానీ మనవాళ్ళ మీద దాని ప్రభావం చాలా ఉంది.

సెల్వరాఘవన్ ‘కాదల్ కొండేన్’ (2003), దాన్నే అల్లరి నరేశ్‌తో తీసిన ‘నేను’ (2004), రెండూ చిన్నప్పటి హింస మనిషిని ఎలా వంచేస్తుందో చూపిస్తాయి. ధనుష్ నటన కోసం తమిళమే చూడమంటాను.

‘గుణ’ ఈ కోవలోకి వస్తుందా?

వస్తుంది, కానీ వేరే వైపు నుంచి. 1991లో వచ్చిన ఈ కమల్ సినిమాలో మతి స్థిమితం లేని గుణ, ఒక అమ్మాయిని తాను ఊహల్లో కొలిచే దేవత అభిరామి అనుకుని ఎత్తుకెళ్ళి కొండ గుహలో దాస్తాడు. ఇళయరాజా పాట విన్నాక అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టం. సినిమా బలం, ప్రమాదం రెండూ అవే. కొడైకెనాల్‌లోని ఆ గుహలకి తర్వాత గుణ గుహలన్న పేరే స్థిరపడింది. 2024లో మలయాళ ‘మంజుమ్మెల్ బాయ్స్’ కథ నడిచింది కూడా అక్కడే.

ఆడవాళ్ళు వెంటపడే సినిమాలు ఏవి?

క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకుడిగా తీసిన మొదటి సినిమా ‘ప్లే మిస్టీ ఫర్ మీ’ (1971). రేడియో జాకీకి రోజూ ఫోన్ చేసి ఒకే పాట అడిగే శ్రోత కథ. ‘ఫేటల్ అట్రాక్షన్’కి అక్క లాంటిది. హిందీలో రామ్ గోపాల్ వర్మ నిర్మించిన ‘ప్యార్ తూనే క్యా కియా’ (2001) ఉంది, ఊర్మిళ బాగా చేసింది.

ఈ కథల్లో స్త్రీని తొందరగా పిచ్చిది అనేస్తారు, పురుషుడైతే విషాద ప్రేమికుడు అవుతాడు. చూసేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

అభిమానుల పిచ్చి మీద?

‘మిజరీ’ (1990) కంటే మంచిది లేదు. స్టీఫెన్ కింగ్ నవల ఆధారంగా రాబ్ రైనర్ తీశాడు. మంచులో కారు బోల్తా పడిన రచయితని ఒక మాజీ నర్సు కాపాడి ఇంటికి తీసుకొస్తుంది. ఆమె అతని వీరాభిమాని. తనకి ఇష్టమైన పాత్రని అతను నవలలో చంపేశాడని తెలిసిన క్షణం నుంచి, కాపాడిన ఇల్లే జైలవుతుంది. నవలలో ఆమె గొడ్డలితో అతని పాదం నరికేస్తుంది, సినిమాలో సమ్మెటతో చీలమండలు విరగ్గొడుతుంది. క్యాథీ బేట్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది.

అభిమాన హీరో కోసం కటౌట్లకి పాలాభిషేకం చేసే నేల మనది. ఆ ప్రేమలో చాలా మంచి కూడా ఉంది, రక్తదాన శిబిరాలు పెట్టింది ఆ అభిమానులే. అందుకే మనవాళ్ళు ‘మిజరీ’ తప్పకుండా చూడాలంటాను. ‘నువ్వు నాకు నచ్చినట్టే ఉండాలి’ అన్న చోట అభిమానం ఆగిపోయి ఇంకేదో మొదలవుతుంది. యానిమేషన్ అంటే చిన్నచూపు లేనివాళ్ళు సతోషి కోన్ ‘పర్ఫెక్ట్ బ్లూ’ (1997) కూడా చూడండి.

‘వెర్టిగో’ని గొప్ప సినిమా అంటారు. నాకు నిదానంగా అనిపించింది. నేనేం మిస్సయ్యాను?

నిదానంగా అనిపించడం మీ తప్పు కాదు, 1958లో వచ్చినప్పుడు కూడా చాలామందికి నచ్చలేదు. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగ్‌లో అదే మొదటి స్థానానికి వచ్చింది. ఈసారి రెండో సగాన్ని ఆమె వైపు నుంచి చూడండి. చనిపోయిందనుకున్న స్త్రీ పోలికలున్న జూడీకి జేమ్స్ స్టూవర్ట్ అదే బూడిదరంగు సూట్ కొంటాడు, జుట్టుకి అదే రంగు వేయిస్తాడు, ముడి కూడా అలాగే వేయమంటాడు. ఎక్కడా చెయ్యెత్తడు, గొంతు పెంచడు, బతిమాలతాడు. ‘ఇలాగైతే ప్రేమిస్తావా’ అన్న ఆశతో ఆమె ఒక్కొక్కటే ఒప్పుకుంటుంది. కొట్టకుండా, తిట్టకుండా ఒక మనిషిని మాయం చేయొచ్చని హిచ్‌కాక్ చూపించాడు.

ఇలాంటి అబ్సెషన్ నిజంగా జబ్బా?

అన్నిసార్లూ కాదు. ‘ఎరొటొమేనియా’ అని ఒక మానసిక స్థితి ఉంది. అవతలి మనిషి, చాలాసార్లు పరిచయం కూడా లేని పెద్ద హోదా మనిషి, తనని రహస్యంగా ప్రేమిస్తున్నారని గట్టిగా నమ్మడం. ఫ్రెంచ్ వైద్యుడు క్లెరాంబో 1921లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆయన పేరుతో కూడా పిలుస్తారు. ఆద్రే తోతూ నటించిన ఫ్రెంచ్ సినిమా ‘హీ లవ్స్ మీ... హీ లవ్స్ మీ నాట్’ (2002) దీన్ని అద్భుతంగా చూపించింది. సగం సినిమా ఆమె వైపు నుంచి అందమైన ప్రేమకథ, తర్వాత వెనక్కి తిప్పి అతని వైపు నుంచి చూపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

కానీ మానసిక జబ్బున్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు. వెంటపడి వేధించేవాళ్ళలో చాలామందికి అలాంటి జబ్బేదీ ఉండదు, ‘కాదు’ అన్న మాట విని తట్టుకోవడం నేర్చుకోకపోవడమే వాళ్ళ సమస్య. మీకే అలాంటి ఆలోచనలు వదలకుండా వస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుతో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇవి చూసి జనం చెడిపోరా?

1981లో అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద కాల్పులు జరిపిన జాన్ హింక్లీ, ‘టాక్సీ డ్రైవర్’ చూసి జోడీ ఫోస్టర్ మీద పిచ్చి పెంచుకున్నవాడే. కాబట్టి సినిమాకి ఏ సంబంధమూ లేదని నేననను. కానీ అదే సినిమా లక్షలమంది చూశారు. భయాన్ని భయంగా చూపించే థ్రిల్లర్ కంటే, వేధింపుని అల్లరిగా చూపించే కామెడీ ట్రాక్ ఎక్కువ నష్టం చేస్తుందని నా నమ్మకం.

పిల్లలతో చూడొచ్చా?

పదమూడు లోపు వద్దు. ఇప్పుడు సెన్సార్ సర్టిఫికెట్‌లో యూఏ 7+, 13+, 16+ అని వేరువేరుగా ఇస్తున్నారు, అది చూసుకోండి. పదహారు దాటిన పిల్లలతో మాత్రం కలిసి కూర్చుని చూడమనే చెప్తాను, ముఖ్యంగా మగపిల్లలతో. మధ్యలో ఆపి ‘ఇక్కడ ఆమె వద్దంది కదా, వీడికెందుకు వినపడలేదు’ అని అడగండి.

సినిమా సరే, నిజంగా మమ్మల్ని ఎవరైనా వెంటాడుతుంటే?

ముందుగా, ‘పట్టించుకోకు, వాడే మానేస్తాడు’ అన్న సలహాని పక్కన పెట్టండి. ఈ సినిమాలన్నిటిలో ప్రమాదం పెరిగేది ఆ మాట దగ్గరే. స్పష్టంగా ఒక్కసారి వద్దని చెప్పి, ఆ తర్వాత బదులివ్వడం ఆపేయండి. మెసేజీలు, కాల్ రికార్డులు చెరపకండి, తేదీలు రాసుకోండి. ఇంట్లో, కాలేజీలో లేదా ఆఫీసులో కనీసం ఇద్దరికి చెప్పి ఉంచండి.

అమెరికాలో నటి రెబెకా షేఫర్‌ని 1989లో ఒక అభిమాని వెంటాడి చంపాక, మరుసటి ఏడాది కాలిఫోర్నియా వెంటాడడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చింది. మన దేశంలో అది 2013లో భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో 354-డి సెక్షన్‌గా వచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. స్త్రీ వద్దన్నా వెంటపడటం, మాట కలపాలని పదేపదే ప్రయత్నించడం, ఆమె ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం అన్నీ ఇందులోకి వస్తాయి. మొదటిసారి 3 ఏళ్ళ దాకా, మళ్ళీ చేస్తే 5 ఏళ్ళ దాకా జైలు. బాధితుడు మగవాడైతే ఈ సెక్షన్ వర్తించదు, బెదిరింపు లాంటి వేరే సెక్షన్ల కింద ఫిర్యాదు చేయాలి.

తెలంగాణలో మహిళల భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలయ్యాయి. రెండు రాష్ట్రాల్లోనూ మహిళల హెల్ప్‌లైన్ 181. ఇప్పుడే, ఈ నిమిషంలోనే గుమ్మం ముందు ఎవరైనా నిలబడి ఉంటే 112కి ఫోన్ చేయండి. మీ పక్కింటి అమ్మాయి గుమ్మం ముందు నిలబడి ఉన్నా సరే, మీరే చేయండి.